కడుపు శుభ్రమైతే ముఖం తేటపడుతుందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. విశాఖపట్నం గాజువాకలో ఉంటాం. మావారిది షిఫ్టుల ఉద్యోగం. నేను సిరిపురం దగ్గర ఒక ప్రైవేటు కార్యాలయంలో లెక్కలు చూస్తాను. మూడేళ్లుగా నాకు విరేచనం సాఫీగా కావడం లేదు. రెండు మూడు రోజులకొకసారి, అదీ ముక్కి ముక్కి వెళ్లాలి. రోజూ రాత్రి ఒక చెంచా చూర్ణం వేసుకుంటేనే మర్నాడు కాస్త కదలిక ఉంటుంది. తిన్న వెంటనే కడుపు ఉబ్బుతుంది, పుల్లటి త్రేన్పులు వస్తాయి. మావారు వచ్చాక రాత్రి పదిన్నరకు కలిసి తింటాం. పాప పుట్టినప్పటి నుంచి బుగ్గల మీద మంగు మచ్చలున్నాయి, ఈమధ్య గడ్డం మీద మొటిమలు కూడా మొదలయ్యాయి. మెడ వెనక నల్లబడింది, ఎంత రుద్దినా పోవడం లేదు. మందుల షాపులో ఇచ్చిన క్రీము ఎనిమిది నెలలుగా రాస్తున్నాను. మొదట ముఖం బాగా తెల్లబడింది. ఇప్పుడు రెండు రోజులు మానేస్తే ఎర్రబడి మండుతోంది. లోపల మలినం చేరి రక్తం చెడిందని, ఆముదం తాగి కడుపు కడిగేసుకుంటే ముఖం అదే బాగుపడుతుందని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా? రోజూ ఏ అలవాట్లు పాటించాలో చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పి తర్వాత మిగతా విషయాల్లోకి వెళ్తాను. ఆముదం తాగినంత మాత్రాన ముఖం బాగుపడదు. పెద్దపేగులో రెండు రోజులు నిలిచిన మలం రక్తంలో కలిసి, అక్కడినుంచి బుగ్గ మీదికి వచ్చి మొటిమగా తేలుతుందన్నది మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న ఊహే తప్ప, శరీరం పనిచేసే తీరు అది కాదు. రక్తంలోని వ్యర్థాలను బయటికి పంపే పని కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్లు చేస్తూనే ఉంటాయి. విరేచనాల మందు వాటికి చేసే సాయమేమీ లేకపోగా, ఒంట్లోని నీటినీ లవణాలనూ లాగేసి మనిషిని నీరసపరుస్తుంది. మీ అత్తగారు మీ మేలు కోరే ఆ మాట అన్నారు కాబట్టి వారిని నొప్పించవద్దు. ఆముదం సీసాను మాత్రం పక్కన పెట్టండి.

మీ ఉత్తరం చదువుతుంటే నన్ను కలవరపెట్టింది కడుపు కాదు, ఆ క్రీము. మొదట్లో ముఖం తెల్లబడడం, మానేస్తే ఎర్రబడి మండడం, ఈ రెండూ ఒకే మనిషిలో కనిపించినప్పుడు అందులో స్టిరాయిడ్ (వాపును, ఎరుపును అణిచే బలమైన మందు) ఉందేమోనని ముందుగా అనుమానించాలి. ట్యూబును వెలుతురులోకి తీసుకువెళ్లి సన్నటి అక్షరాలు ఓపికగా చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా అది స్టిరాయిడే. మచ్చల మందు అని చెప్పి ఇచ్చినా, తామర మందు అని చెప్పి ఇచ్చినా, మూడు నాలుగు మందులు కలిపిన క్రీముల్లో చాలావాటిలో ఇది ఉంటుంది. ఇలాంటి పైపూత స్టిరాయిడ్లను వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌ నిబంధనను కచ్చితం చేసింది. అయినా, అడిగిన వెంటనే చేతికి ఇచ్చే అలవాటు మన ఊళ్లో ఇంకా పోలేదని మీ ఉత్తరమే చెబుతోంది.

స్టిరాయిడ్ రాయగానే చర్మంలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి. ముఖం తెల్లబడినట్టు కనిపించడానికి మొదటి కారణం అదే. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, రాయడం ఆపగానే అవే నాళాలు ఒక్కసారిగా విప్పారుతాయి. ఇలా ఏడాదిపాటు రాసినవారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూసినప్పుడు, ఉల్లిపొర లాంటి చర్మం కింద ఎర్రదారపు పోగులు అల్లుకున్నట్టు నాళాలు కనిపించడం నేను ఎన్నోసార్లు గమనించాను. వేలితో నొక్కితే ఆ ఎరుపు క్షణంపాటు మాయమై, వేలు తీయగానే మళ్లీ పరుచుకుంటుంది. బుగ్గల మీద నూగు పెరుగుతుంది, గడ్డం మీద దాదాపు ఒకే పరిమాణంలో చిన్న చిన్న పొక్కులు వస్తాయి. మీరు మొటిమలు అంటున్నవి ఇవే కావచ్చు. అలాంటప్పుడు వాటికి మూలం మీ కడుపులో కాదు, మీ చేతిలో ఉన్న ట్యూబులో ఉంది.

ఈ వారంలోనే చర్మవైద్యులకు చూపించుకోండి. ప్రైవేటు ఫీజు భారమనిపిస్తే ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల విభాగం ఓపీ ఉంది. క్రీమును ఒక్కసారిగా ఆపాలా, తక్కువ బలమున్న దానికి మార్చి మెల్లగా తగ్గించాలా అన్నది మీ ముఖం చూసిన వైద్యుడే నిర్ణయించాలి. ఆపిన మొదటి వారాల్లో ఎరుపు, మంట, పొక్కులు ఇప్పటికంటే ఎక్కువవుతాయి. చాలామంది అక్కడే బెదిరిపోయి మళ్లీ అదే ట్యూబు మూత తీస్తారు, ఆ విషవలయం అలాగే సాగిపోతుంది. ముందే తెలిసి ఉంటే తట్టుకోగలరని ఈ మాట చెబుతున్నాను. కుదుటపడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, కానీ కుదుటపడుతుంది. ఈలోపు ముఖానికి నురగ తక్కువగా వచ్చే, వాసన లేని ఫేస్‌వాష్ రోజుకు రెండుసార్లు, ఆపైన సాదా మాయిశ్చరైజర్ చాలు. మంటగా ఉన్నప్పుడు చల్లటి నీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డను అయిదు నిమిషాలు ముఖం మీద వేసుకోండి. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు ముఖం దరిదాపుల్లోకి రానివ్వకండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి కొత్త మచ్చలు పడతాయి. సున్నిపిండి ఒంటికి మంచిదే గాని, ఇప్పుడున్న స్థితిలో మీ ముఖాన్ని దేనితోనూ రుద్దకూడదు.

మంగు మచ్చల విషయంలో దాపరికం లేకుండా చెబుతాను. గర్భం, హార్మోన్లు, వంశం, ఎండ కలిసి తెచ్చే మచ్చలివి. తగ్గించవచ్చు గాని, ఎండ నుంచి కాపాడుకోకపోతే ఏ మందు వాడినా తిరిగి వస్తాయి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలుగా తీసుకుంటే ముఖానికీ మెడకూ సరిపోతుంది. పావుగంట ముందు రాసుకుని బయలుదేరండి, ఎండలో ఎక్కువసేపు ఉండవలసివస్తే రెండు మూడు గంటలకొకసారి మళ్లీ రాయండి. మన ఊళ్లో చెమటకు అది తొందరగా కరిగిపోతుంది కాబట్టి గొడుగు, చున్నీ కూడా ఉండాలి. కాస్త రంగు కలిసిన సన్‌స్క్రీన్ మంగు మచ్చలకు మరింత మేలు చేస్తుంది, ఎందుకంటే ఈ మచ్చలు అతినీలలోహిత కిరణాలకే కాక మామూలు వెలుతురుకు కూడా ముదురుతాయి.

ఇక మెడ నలుపు. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గాని, తిండికీ చర్మానికీ నిజమైన సంబంధం ఎక్కడైనా ఉందంటే ఇక్కడే ఉంది. మెడ వెనకా చంకల్లోనూ చర్మం నల్లబడి, ముట్టుకుంటే మఖమల్‌లా దళసరిగా తగులుతుంటే అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక దాని మోతాదు పెరిగినప్పుడు చర్మం అలా మందమవుతుంది. ఒకసారి ఒక కాలేజీ అమ్మాయి మెడ నిండా గీరుకుపోయిన గాయాలతో వచ్చింది. వాళ్లమ్మ రోజూ కొబ్బరి పీచుతో రుద్దుతోందట. ఆ పిల్లకు కావలసింది పీచు కాదు, చక్కెర పరీక్ష. మీరు కూడా పరగడుపు చక్కెర, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ మందగిస్తే మలబద్ధకం వస్తుంది, చర్మం కూడా పొడిబారుతుంది. నెలసరి తప్పుతూ ఉంటే, గడ్డం మీద మొటిమలతోపాటు వెంట్రుకలు కూడా వస్తుంటే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) గురించి వైద్యురాలిని అడగండి. బరువు ఎక్కువగా ఉన్నవారు కొంత తగ్గితే మెడ నలుపు దానంతట అదే పలచబడుతుంది. అప్పటిదాకా రుద్దడం ఆపండి.

ఇప్పుడు కడుపు సంగతికి వద్దాం. మలబద్ధకంతో బాధపడేవారిని నేను మొట్టమొదట అడిగేది వాళ్ల తిండి గురించి కాదు, వాళ్ల ఉదయం గురించి. గాజువాక నుంచి సిరిపురానికి తొమ్మిదిన్నరలోగా చేరాలంటే మీరు ఎనిమిదింటికైనా ఇల్లు కదలాలి. అంతలోనే పాపను తయారుచేయాలి, డబ్బాలు సర్దాలి. నాలుగు ముద్దలు నిలబడి మింగిన వెంటనే కడుపులో కదలిక మొదలవుతుంది, ఆ సమయానికి మీరు చెప్పులు వేసుకుంటూ ఉంటారు. కార్యాలయంలో వెళ్లడానికి మనసొప్పదు. ఇలా పిలుపు వచ్చినప్పుడల్లా వెనక్కి పంపుతూ పోతే పేగు పిలవడమే తగ్గిస్తుంది, లోపల నిలిచిన మలంలోని నీరు పీల్చుకుపోయి అది గట్టిపడుతుంది. మూడేళ్లలో మీకు జరిగింది ఇదేనని నా నమ్మకం.

ఆహారం కడుపులో పడగానే పెద్దపేగు ముందుకు కదులుతుంది, ఆ కదలిక ఉదయం పూట మరింత బలంగా ఉంటుంది. దీన్ని మనం వాడుకోవాలి. అరగంట ముందు లేవండి. గోరువెచ్చని నీళ్లు తాగి, ఇడ్లీ అయినా అంబలి అయినా కూర్చుని తినండి. తిన్న పావుగంటకు, వచ్చినా రాకపోయినా, మరుగుదొడ్డికి వెళ్లి ఎనిమిది పది నిమిషాలు కూర్చోండి. సెల్‌ఫోను బయటే ఉంచండి. మీ ఇంట్లో వెస్టర్న్ కమోడ్ ఉంటే పాదాల కింద ఒక జానెడు ఎత్తు పీట వేసుకోండి. వంటింట్లో కూర్చునే పాత పీట అయినా సరిపోతుంది. మోకాళ్లు నడుముకంటే పైకి లేచి, కాస్త ముందుకు వంగి కూర్చున్నప్పుడు మలద్వారం దగ్గర పేగుకు ఉన్న వంపు సర్దుకుని దారి తిన్ననవుతుంది. ముక్కవద్దు, ఊపిరి బిగబట్టవద్దు. మొదటి వారం ఏమీ కాకపోవచ్చు. మూడో వారానికి పేగు ఆ వేళను గుర్తుపట్టడం చాలామందిలో చూశాను. అన్నట్టు, రోజూ అయితీరాలన్న బెంగ పెట్టుకోకండి. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా, ముక్కకుండా, మెత్తగా అయితే అది ఆరోగ్యమే.

చూర్ణం ప్యాకెట్టు మీద సునాముఖి అన్న మాట ఉందేమో చూడండి. ఆ ఆకు పేగును రెచ్చగొట్టి కదిలిస్తుంది. ఎప్పుడైనా ఒక రాత్రి వేసుకుంటే దోషం లేదు గాని, వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఏళ్ల తరబడి వాడవలసింది కాదు. ఎక్కువైతే కడుపులో మెలిపెట్టి నీరు, పొటాషియం పోతాయి. దాని బదులు ఇసబ్‌గోల్ పొట్టు ఒక పెద్ద చెంచాడు, పెద్ద గ్లాసు నిండా నీళ్లలో కలిపి వెంటనే తాగండి, ఆపైన మరో గ్లాసు నీళ్లు తాగండి. అది నీటిని పట్టుకుని ఉబ్బి మలాన్ని మెత్తబరుస్తుంది. నీళ్లు చాలకపోతే అదే లోపల అడ్డుపడుతుంది కాబట్టి రెండో గ్లాసు మానవద్దు. వేరే మాత్రలు వేసుకుంటుంటే వాటికీ దీనికీ మధ్య రెండు గంటల వ్యవధి ఉంచండి. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతున్నారా? అవి కూడా మలాన్ని గట్టిపరుస్తాయి, ఆ సంగతి వైద్యునికి చెప్పి మార్పించుకోవచ్చు.

తిండిలో పీచు పెంచాలని అందరూ చెబుతారు, కానీ ఎక్కడినుంచి తేవాలో చెప్పరు. మన కంచంలో మూడొంతులు తెల్ల అన్నమే, వంద గ్రాముల అన్నంలో పీచు ఒక గ్రాము కూడా ఉండదు. రోజుకు మనకు కావలసింది 25 నుంచి 30 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు తినమని చెప్పింది. మన ఇళ్లలో నలుగురికీ కలిపి వండే కూరే ఒక్కోసారి అంత ఉండదు. ఆదివారం రైతుబజారుకు వెళ్లినప్పుడు మామూలుగా కొనే ఆనపకాయ, బీరకాయ, తోటకూర రెట్టింపు తెచ్చి, అన్నంలో కూర కలుపుకోవడానికి బదులు కూరలో అన్నం కలుపుకుంటున్నట్టు కంచం మార్చండి. ఒక మోస్తరు జామకాయలో అయిదు గ్రాములకు పైగా పీచు ఉంటుంది. కార్యాలయంలో నాలుగు గంటలకు టీతో తినే బిస్కట్ల స్థానంలో అది పెట్టుకోండి. ఉత్తరాంధ్రలో మన పెద్దలు ఉదయాన్నే తాగిన చోడి (రాగి) అంబలి, వేసవిలో తాగిన తరవాణి (పులియబెట్టిన గంజి) పేదరికపు తిండి అని మనం వదిలేశాం. చోడిపిండి వంద గ్రాముల్లో పదకొండు గ్రాముల దాకా పీచు ఉంది. వారంలో నాలుగు రోజులైనా మీ ఇంట్లో అంబలి కాచాలని నా కోరిక. అందులో మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు వేసి పాపకు కూడా అలవాటు చేయండి. పీచును ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం ఎక్కువవుతుంది, అందుకని రెండు మూడు వారాల మీద మెల్లగా పెంచండి. పాలు తాగిన రోజున ఉబ్బరం మరీ ఎక్కువగా ఉంటే వారం రోజులు పాలు ఆపి పెరుగు తిని చూడండి. చాలామందికి పాలు పడవు గాని పెరుగు పడుతుంది.

నీళ్ల విషయంలో లీటర్ల లెక్క పెట్టుకోనవసరం లేదు. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే చాలినన్ని తాగుతున్నట్టే. ఏప్రిల్, మే నెలల్లో విశాఖ ఉక్కపోతకు చెమట ధారగా కారుతుంది కాబట్టి ఆ రోజుల్లో సీసా బల్ల మీదే పెట్టుకోండి.

పుల్లటి త్రేన్పులకు అసలు కారణం పదిన్నర భోజనమే. తినగానే పడుకుంటే కడుపులోని ఆమ్లం గొంతువైపు ఎగదన్నుతుంది. మీవారి కోసం ఆగడంలోని ఆప్యాయత నాకు అర్థమవుతుంది. ఆయన రెండో షిఫ్టులో ఉన్న వారాల్లో మీరు ఎనిమిదింటికల్లా పాపతో కలిసి తినేసి, ఆయన వచ్చాక పలచటి మజ్జిగ గ్లాసుతో పక్కన కూర్చోండి. మాటలకు లోటు రాదు. తిండికీ పడకకూ మధ్య కనీసం రెండున్నర మూడు గంటలు ఉండాలి. ఎడమవైపు తిరిగి పడుకోండి, మంచం తలవైపు కోళ్ల కింద అరడుగు ఎత్తు చెక్కలు పెట్టండి. దిండ్లు పేర్చడం వల్ల మెడ వంగుతుందే తప్ప ఆమ్లం ఆగదు. సాయంత్రాలు బీచ్‌కు వెళితే బజ్జీల బదులు మురీ (మరమరాల) మిక్చర్ తినండి, కారం తగ్గించమని చెప్పండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే గ్యాస్ మాత్రను వైద్యుడు చెప్పకుండా నెలల తరబడి వాడవద్దు.

అత్తగారు రక్తం చెడిందని చెప్పడం వెనక మరో మాట ఉంటుంది, "వేడి చేసింది" అని. తీపి పానీయాలు, మైదా తినుబండారాలు, స్వీట్లు కొందరిలో మొటిమలను పెంచుతాయని పరిశోధనలు సూచిస్తున్నాయి. అంతవరకు ఆ మాటలో నిజం ఉంది. ఆవకాయ తింటే మొటిమలొస్తాయనడానికి మాత్రం తగిన ఆధారం లేదు. అనకాపల్లి బెల్లం అయినా పంచదార అయినా ఈ విషయంలో పెద్ద తేడా లేదు. తలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించి పడుకుంటే అది నుదుటి మీదికి జారి రంధ్రాలు మూసుకుపోతాయి, కాబట్టి నూనె తలస్నానానికి గంట ముందు రాసుకోండి. మొటిమలను గిల్లవద్దు. మళ్లీ గర్భం ధరించే ఆలోచన ఉంటే మొటిమల మందులు రాయించుకునే ముందే ఆ మాట వైద్యురాలికి చెప్పండి, వాటిలో కొన్ని కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన తీరంలో చెమటకు గజ్జల్లో, నడుము చుట్టూ తామర రావడం సాధారణం. ఇంట్లో ఎవరికైనా దురద మచ్చ కనిపిస్తే మీ ముఖపు క్రీమే వారికి ఇవ్వకండి. స్టిరాయిడ్ తగిలితే దురద ఆగినట్టు అనిపిస్తుంది, తామర మాత్రం లోలోపల పాకుతుంది.

మలంలో రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా, ప్రయత్నం లేకుండా బరువు తగ్గినా, మింగుడు పడకపోయినా, వాంతులు ఆగకపోయినా అలవాట్లు మార్చుకుంటూ కూర్చోకుండా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లండి. ఐరన్ మాత్రలకు కూడా మలం నల్లబడుతుంది గాని, ఏది దేనివల్లో మీరు తేల్చుకోకండి. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు ఉంటే అది గ్యాస్ అని ఇంట్లో ఎవరు చెప్పినా నమ్మకుండా వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఈ మాట మీకంటే ఎక్కువగా మీ అత్తగారికీ మీవారికీ వర్తిస్తుంది.

చర్మవైద్యుల దగ్గరకు వెళ్లేటప్పుడు క్రీము ట్యూబు, చూర్ణం ప్యాకెట్టు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఎనిమిది నెలలు రాశానని చెప్పడానికి సిగ్గుపడకండి. ఎన్ని రోజులు, రోజుకు ఎన్నిసార్లు రాశారన్నదాన్ని బట్టే దాన్ని ఎలా మాన్పించాలో వారు నిర్ణయించగలరు. వీలైతే మీ అత్తగారిని కూడా వెంట తీసుకువెళ్లండి. ఆముదం గురించి ఆమె తన ప్రశ్నను నేరుగా వైద్యులనే అడగవచ్చు.